రక్తంలో ఫాస్ఫేట్ పెరిగినప్పుడు కంచం దగ్గర, మాత్రల దగ్గర, డయాలిసిస్ దగ్గర చూసుకోవలసినవి

మూత్రపిండాల జబ్బు ఉన్నవారి నెలవారీ రక్తపరీక్షల కాగితం చేతికి రాగానే ఇంటివారి కళ్లు ముందుగా క్రియాటినిన్‌ను వెతుకుతాయి, ఆ తరువాత హిమోగ్లోబిన్‌ను, పొటాషియంను చూస్తాయి. ఫాస్ఫరస్ అనే వరుస ఎక్కడో కింద ఉంటుంది. దాని ఎదురుగా 6.8 అనో 7.4 అనో అంకె ఉండి, ఎక్కువ అని గుర్తు పెట్టి ఉన్నప్పటికీ, మనిషిలో నొప్పిగానీ ఆయాసంగానీ కనిపించదు కనుక, వచ్చే నెల చూద్దామని కాగితం మడిచి పెట్టేస్తాము. డయాలిసిస్ మీద ఉన్న మా నాన్నగారి విషయంలో మేము దాదాపు ఏడాది పాటు ఆ విధంగానే మడిచి పెట్టాము. ఆ ఏడాదిలో తెలిసి ఉంటే బాగుండేదని ఇప్పుడు అనిపించే సంగతులన్నీ ఇంట్లో వంట చేసేవారి కోసం, మాత్రలు అందించేవారి కోసం ఇక్కడ రాస్తున్నాను. ఏ మందు ఎంత మోతాదులో వాడాలన్నది మాత్రం కిడ్నీ డాక్టరు నిర్ణయించవలసిన విషయం. ఇందులో చదివినదాన్ని బట్టి ఎవరూ మాత్రలు పెంచుకోకూడదు, తగ్గించుకోకూడదు.

ముందు అంకెను సరిగా చదవడం

పెద్దవారి రక్తంలో ఫాస్ఫరస్ డెసిలీటరుకు 2.5 నుంచి 4.5 మిల్లీగ్రాముల మధ్య ఉండాలి. ఎదిగే పిల్లలలో ఇంతకంటే ఎక్కువ ఉండడం సహజం కనుక పిల్లల కాగితాన్ని పెద్దల కొలతతో చూసి కంగారు పడకూడదు. ల్యాబు కాగితంలో ఫాస్ఫరస్ అని రాసినా ఫాస్ఫేట్ అని రాసినా మనకు కావలసిన విషయం ఒకటే. బ్రిటన్‌లోనో ఆస్ట్రేలియాలోనో ఉంటున్న మనవాళ్ల కాగితాలలో ఇది లీటరుకు మిల్లీమోల్స్ లెక్కలో వస్తుంది. ఆ అంకెను 3.1తో గుణిస్తే మన లెక్కలోకి వస్తుంది. అక్కడ 2.0 అని ఉంటే ఇక్కడ 6.2 అన్నమాట, అంటే తక్కువేమీ కాదు.

అంకె ఎక్కువగా వచ్చిన ప్రతిసారీ అది నిజమైన ఎక్కువ కాకపోవచ్చు. రక్తం తీసేటప్పుడో తరలించేటప్పుడో ఎర్ర కణాలు చిట్లినా, తీసిన రక్తాన్ని గంటల తరబడి వేరు చేయకుండా ఉంచినా, కణాల లోపల ఉన్న ఫాస్ఫేట్ బయటికి వచ్చి అంకెను పెంచుతుంది. అటువంటి నమూనాలో సాధారణంగా పొటాషియం కూడా పెరిగి కనిపిస్తుంది. ఊళ్లో రక్తం తీసి దూరపు పట్నానికి పంపే కలెక్షన్ సెంటర్లను నమ్ముకున్నవారు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. కిడ్నీ జబ్బు లేని మనిషికి హఠాత్తుగా ఎక్కువ అని వస్తే మొదట చేయవలసిన పని మరొకసారి పరీక్ష చేయించడమే. మల్టిపుల్ మైలోమా అనే రక్త క్యాన్సర్ వంటి జబ్బులలో రక్తంలో చేరే అసాధారణ ప్రోటీన్ వల్ల కూడా యంత్రం పొరపాటు అంకె చూపించవచ్చు.

డయాలిసిస్ చేయించుకునేవారి విషయంలో నమూనా ఎప్పుడు తీశారన్నది ముఖ్యం. యంత్రానికి ఎక్కించక ముందు తీసిన రక్తాన్నే లెక్కలోకి తీసుకోవాలి. యంత్రం దిగగానే అంకె బాగా తగ్గి కనిపిస్తుంది. కొన్ని గంటలలో కణాల నుంచి, ఎముకల నుంచి ఫాస్ఫేట్ మళ్లీ రక్తంలోకి వచ్చి పెరుగుతుంది. వారంలో ఎక్కువ రోజుల విరామం తరువాత తీసిన నమూనాలో అంకె ఎక్కువగానూ, వారం మధ్యలో తీసినదానిలో తక్కువగానూ ఉంటుంది. అందువల్ల నెలనెలా వారంలోని ఒకే రోజున తీయించుకుంటేనే ఒక నెలను మరొక నెలతో పోల్చడానికి వీలవుతుంది.

ఎందుకు పెరుగుతుంది, ఏం చేస్తుంది

మన శరీరంలో సుమారు 700 గ్రాముల ఫాస్ఫరస్ ఉంటుంది. అందులో 85 శాతం దాకా ఎముకలలో, పళ్లలో కాల్షియంతో కలిసి ఉంటుంది. రక్తంలో ఉండేది అతి కొద్ది భాగం. మనం తిన్నదాని నుంచి పేగులు పీల్చుకున్న ఫాస్ఫేట్‌లో అక్కరలేనిదాన్ని మూత్రంలో బయటికి పంపే పని మూత్రపిండాలది. వాటి శక్తి తగ్గుతున్న తొలి దశలలో ఎముకల నుంచి వచ్చే ఎఫ్‌జీఎఫ్-23 అనే హార్మోను, మెడలోని పారాథైరాయిడ్ గ్రంథుల హార్మోను ఎక్కువగా పనిచేసి, మిగిలిన మూత్రపిండం చేతనే ఎక్కువ ఫాస్ఫేట్‌ను బయటికి నెట్టిస్తాయి. అందువల్ల అంకె చాలా కాలం మామూలుగానే కనిపిస్తుంది. వడపోత శక్తి, అంటే కాగితంలో ఈజీఎఫ్ఆర్ అని రాసేది, 30 కంటే తగ్గిన తరువాత ఈ సర్దుబాటు చాలక అంకె పైకి వస్తుంది. అప్పటికే హార్మోనులు చాలా కాలంగా అదనపు భారం మోస్తున్నాయని అర్థం.

పెరిగిన ఫాస్ఫేట్ దానంతట అది బాధ పెట్టదు; అసలు చిక్కు అక్కడే ఉంది. అది కాల్షియంతో కలిసి రక్తనాళాల గోడలలో, గుండె కవాటాలలో పేరుకుంటుంది. నాళాల గోడలలోని కండర కణాలు క్రమంగా ఎముక కణాల లక్షణాలను తెచ్చుకొని నాళాలు గట్టిపడిపోతాయి. పారాథైరాయిడ్ హార్మోను పెరిగి ఎముకలలోని సత్తువ కరిగిపోతుంది. కొందరికి ఒళ్లంతా దురద, కళ్లలో ఎరుపు, కీళ్ల దగ్గర, ఎముకలలో నొప్పులు వస్తాయి. దురదకు సబ్బు మార్చి, కొబ్బరినూనె రాసి, ఎలర్జీ మాత్రలు వేసి నెలలు గడిపే కుటుంబాలు ఒకసారి ఆ కాగితం అడుగున ఉన్న అంకెను చూడాలని నా కోరిక.

మూత్రపిండాలతో సంబంధం లేని కారణాలు కూడా కొన్ని ఉన్నాయి. థైరాయిడ్ ఆపరేషన్‌లో పారాథైరాయిడ్ గ్రంథులు దెబ్బతిన్నవారిలో కాల్షియం తగ్గి ఫాస్ఫేట్ పెరుగుతుంది. కండరాలు నలిగిపోయిన ప్రమాదాలలోనూ, కొన్ని రక్త క్యాన్సర్లకు మందు మొదలుపెట్టగానే కణాలు ఒక్కసారిగా చితికిపోయినప్పుడూ ఇది గంటలలో పెరిగి ప్రాణం మీదికి తెస్తుంది. ఆ వైద్యం ఆసుపత్రిలోనే జరగాలి. ఇక్కడి నుంచి చెప్పేదంతా దీర్ఘకాలపు కిడ్నీ జబ్బు ఉండి ఇంటి దగ్గర జాగ్రత్త తీసుకోవలసినవారి గురించి.

వారం లెక్క

ఒక చిన్న లెక్క వేసుకుంటే మిగిలినదంతా సులువుగా అర్థమవుతుంది. డయాలిసిస్ మీద ఉన్నవారు రోజుకు 800 నుంచి 1000 మిల్లీగ్రాములకు మించి ఫాస్ఫరస్ తినకూడదని సాధారణంగా చెబుతారు. 1000 తిన్నారనుకుందాం. అందులో 60 శాతం ఒంటికి పడుతుందనుకుంటే రోజుకు 600, వారానికి 4200 మిల్లీగ్రాములు రక్తంలోకి చేరుతాయి. నాలుగు గంటల డయాలిసిస్ ఒక్కసారికి తీసేది ఉజ్జాయింపుగా 800 మిల్లీగ్రాములు. వారానికి మూడుసార్లు చేయించుకుంటే 2400, మన దేశంలో చాలామందికి జరుగుతున్నట్లు రెండుసార్లే అయితే 1600. అంటే ఇంత పథ్యంగా తిన్నా వారానికి 1800 నుంచి 2600 మిల్లీగ్రాముల దాకా లోపలే మిగులుతుంది. మూత్రం ఇంకా కొంత వస్తున్నవారికి ఆ దారిన కొంత పోతుంది. రానివారికి ఆ దారి లేదు.

ఆ మిగులును పేగులలోనే పట్టుకొని మలంలో బయటికి పంపడానికే ఫాస్ఫేట్ బైండర్లు అనే మాత్రలు ఇస్తారు. ఒక్కొక్క మాత్ర పట్టుకోగలిగేది కొద్దిపాటి ఫాస్ఫేట్ మాత్రమే. కనుక మాత్ర వేసుకుంటున్నాను గదా అని ఏదైనా తినడానికి వీలు లేదు. పథ్యం చేస్తున్నాను గదా అని మాత్ర మానడానికీ వీలు లేదు. రెండూ చేస్తూ డయాలిసిస్ మానినా లెక్క కుదరదు.

మాత్ర కంచంలోనిది, మందుల పెట్టెలోనిది కాదు

మా ఇంట్లో జరిగిన అసలు పొరపాటు ఇదే. నాన్నగారి మాత్రలన్నీ వారాల పేర్లు రాసిన ఒక ప్లాస్టిక్ డబ్బాలో సర్ది, పొద్దున ఎనిమిదికి, మధ్యాహ్నం రెండుకు, రాత్రి తొమ్మిదికి గడియారం చూసి ఇచ్చేవాళ్లము. ఆయన టిఫిను ఒకనాడు ఏడుకు, మరొకనాడు పదికి. రాత్రి భోజనం ఎనిమిదికే ముగిసేది. బీపీ మాత్రలు ఆ పద్ధతిలో పనిచేశాయి, బైండర్ పనిచేయలేదు. దాని పని రక్తంలో కాదు, కడుపులోని ఆహారంలో. ఆహారం లేనప్పుడు వేసుకున్న బైండర్‌కు పట్టుకోవడానికి ఫాస్ఫేట్ ఉండదు. కాల్షియం బైండర్ అయితే మరొక హాని కూడా ఉంది: ఖాళీ కడుపున దానిలోని కాల్షియం రక్తంలోకి చేరిపోయి, మనం ఏ నాళాలను కాపాడుకోవాలనుకుంటున్నామో వాటిలోనే పేరుకోవడానికి తోడ్పడుతుంది. ఒక డయాలిసిస్ నర్సమ్మగారు ఈ సంగతి చెప్పిన నాటి నుంచి బైండర్ సీసాను మందుల డబ్బాలోంచి తీసి ఉప్పు, పచ్చడి జాడీల పక్కన పెట్టాము. మోతాదు మారలేదు, వంట కూడా పెద్దగా మారలేదు. తరువాతి రెండు నెలల పరీక్షలలో అంకె దిగడం మొదలుపెట్టింది.

కనుక మొదటి ముద్దతోగానీ, భోజనం మధ్యలోగానీ, తప్పితే ముగించిన వెంటనేగానీ బైండర్ వేసుకోవాలి. భోజనం చేయని పూట దాన్ని వేసుకోనక్కరలేదు, మరచిపోయిన మాత్రను రెండు గంటల తరువాత ఒంటరిగా వేసుకోనూ కూడదు. తిన్నదాని బరువును బట్టి మాత్రలను పంచుకోవాలి. రెండు ఇడ్లీల పూటకూ, ఆదివారం కోడికూర అన్నం పూటకూ సమానంగా ఒక్కొక్క మాత్ర అనడం సరైన పంపకం కాదు. రోజు మొత్తం మీద చెప్పిన సంఖ్య మారకుండా పెద్ద భోజనానికి ఎక్కువ, చిన్న టిఫినుకు తక్కువ పెట్టుకోవచ్చా అని డాక్టరును ముందుగానే అడిగి రాయించుకోవాలి. సాయంత్రం పకోడీలో, పాలతో చేసిన మిఠాయో తింటే దానికీ మాత్ర కావాలా అని కూడా అడగాలి. పెళ్లి భోజనానికి వెళ్లేటప్పుడు చొక్కా జేబులో రెండు మాత్రలు ఉండాలి. నిజానికి బయట తిన్న రోజునే వాటి అవసరం ఎక్కువ.

మన దగ్గర ఎక్కువగా రాసే బైండర్లు నాలుగైదు రకాలు. కాల్షియం కార్బొనేట్, కాల్షియం అసిటేట్ చవకైనవి. కార్బొనేట్‌కు కడుపులోని ఆమ్లం అవసరం కనుక రోజూ గ్యాస్ మాత్ర వేసుకునేవారిలో దాని పని తగ్గుతుంది. కాల్షియం బైండర్లను ఎక్కువ మోతాదులో వాడకుండా చూడాలని 2017లో వచ్చిన అంతర్జాతీయ మార్గదర్శకాలు సూచిస్తున్నాయి. ఇక్కడ మందుల దుకాణంలో జరిగే ఒక పొరపాటును చెప్పాలి. రాసిన మాత్ర లేకపోతే అదే కాల్షియమే కదా అని ఎముకల బలానికి అమ్మే కాల్షియం మాత్ర ఇచ్చేస్తారు. వాటిలో చాలావాటిలో విటమిన్ డి3 కలిసి ఉంటుంది. ఆ విటమిను పేగులలో కాల్షియంను, ఫాస్ఫేట్‌ను ఇంకా ఎక్కువ పీల్చుకునేలా చేస్తుంది. అట్ట మీద ఏముందో పూర్తిగా చదవకుండా మార్పిడికి ఒప్పుకోకూడదు.

సెవెలమర్‌లో కాల్షియం ఉండదు. దాని మాత్ర తడి తగిలితే ఉబ్బుతుంది కనుక నమలకుండా, పొడి చేయకుండా పూర్తిగా మింగాలి. మలబద్ధకం, కడుపుబ్బరం కొందరికి వస్తాయి. లాంథనమ్ మాత్ర దీనికి పూర్తిగా విరుద్ధం. దాన్ని మెత్తగా నమిలే తినాలి, అలాగే మింగితే సరిగా పనిచేయదు. ఇనుముతో చేసిన సుక్రోఫెరిక్ మాత్ర కూడా నమిలేదే. దానితో మలం నల్లగా వస్తుంది, అది భయపడవలసిన విషయం కాదుగానీ డాక్టరుకు చెప్పడం మంచిది. పాతకాలంలో వాడిన అల్యూమినియం మందులు మెదడుకు, ఎముకలకు చేసే హాని తెలిసిన తరువాత వాటిని దీర్ఘకాలం వాడడం మానేశారు. కానీ ఛాతీ మంటకు ఇంట్లో ఉంచుకొనే తెల్లటి యాంటాసిడ్ ద్రావణాలలో అల్యూమినియం, మెగ్నీషియం ఇప్పటికీ ఉంటాయి. డయాలిసిస్ మనిషి వాటిని అడగకుండా తాగకూడదు.

బైండర్ ఫాస్ఫేట్‌నే కాక ఇతర మందులను కూడా పట్టేసుకోగలదు. థైరాయిడ్ మాత్ర, సిప్రోఫ్లాక్సాసిన్ వంటి యాంటిబయాటిక్‌లు, ఐరన్ మాత్రలు వాడుతున్నవారు బైండర్‌కూ వాటికీ మధ్య ఎన్ని గంటల ఎడం ఉండాలో అడిగి, చీటీ మీద సమయాలతో సహా రాయించుకోవాలి. జ్వరానికి ఊళ్లో డాక్టరు యాంటిబయాటిక్ రాసినప్పుడు బైండర్ సంగతి ఆయనకు మనమే చెప్పాలి.

వంటింట్లో

ఫాస్ఫరస్ లేని ఆహారం అంటూ దాదాపు లేదు. మాంసకృత్తులు ఉన్న ప్రతి పదార్థంలోనూ అది ఉంటుంది. అందువల్లనే కిడ్నీ జబ్బు అనగానే పప్పు మానెయ్, గుడ్డు మానెయ్, మాంసం మానెయ్ అని బంధువులు ఇచ్చే సలహా ప్రమాదకరమైనది. డయాలిసిస్ మొదలుకాని దశలో మాంసకృత్తులను కొంత తగ్గించమంటారు, నిజమే. డయాలిసిస్ మొదలైన తరువాత మాత్రం ప్రతి కిలో బరువుకు రోజుకు 1 నుంచి 1.2 గ్రాముల మాంసకృత్తులు కావాలి; 60 కిలోల మనిషికి 60 నుంచి 72 గ్రాములు. అన్నం, చారుతో గడిపి ఫాస్ఫరస్ అంకెను తగ్గించుకున్నవారు కండ కరిగి, నీరసించి, అంటువ్యాధులకు లోనవుతారు. అటువంటి తగ్గుదలను చూసి సంతోషించకూడదు.

అయితే ఎంత ఫాస్ఫరస్ ఉంది అన్నదానికంటే అది ఎక్కడి నుంచి వస్తోంది అన్నది చూడాలి. పప్పులు, గింజలు, పొట్టు ధాన్యాలలో ఉన్న ఫాస్ఫరస్ ఎక్కువ భాగం ఫైటేట్ రూపంలో బిగిసి ఉంటుంది. దాన్ని విడగొట్టే ఎంజైము మన పేగులలో లేదు కనుక సగానికంటే తక్కువే ఒంటికి పడుతుంది. మాంసం, చేపలు, పాల నుంచి సుమారు సగం, ఒక్కొక్కప్పుడు ఇంకొంచెం ఎక్కువ పడుతుంది. ప్యాకెట్ ఆహారాలలో కలిపే ఫాస్ఫేట్ రసాయనాలు మాత్రం 90 శాతం దాకా నేరుగా రక్తంలోకి చేరుతాయి. కంచంలో నుంచి ఏదైనా తీసివేయవలసి వస్తే ఆ మూడో రకంతో మొదలుపెట్టాలి; పప్పు వంతు చివరిది.

గుడ్డులోని తెల్లసొన మనకు దొరికిన గొప్ప వరం. ఒక తెల్లసొనలో మూడున్నర గ్రాముల మాంసకృత్తులు ఉంటే ఫాస్ఫరస్ 5 మిల్లీగ్రాములు మాత్రమే. గుడ్డులోని మిగిలిన 90 మిల్లీగ్రాములూ దాదాపుగా పచ్చసొనలోనివే. రోజూ రెండు మూడు తెల్లసొనలను ఉల్లిపాయతో పొరటుగానో, ఉడికించి కూరలోనో పెట్టవచ్చు. కోడిమాంసం, చేప ముక్కలు కొలతగా తినవచ్చు. నీళ్లలో ఉడికిస్తే ఫాస్ఫరస్ కొంత నీళ్లలోకి దిగిపోతుంది. ఆ నీటిని పారబోసి ముక్కలతో కూర వండుకోవాలి. మనవాళ్లు దీనికి తలకిందులుగా చేస్తారు: సత్తువ వస్తుందని ఉడికిన నీళ్లను సూపుగా తాగించి ముక్కలు పక్కన పెడతారు. పాయా, కార్జం, భేజా వంటివి మానడమే మంచిది. ముల్లుతో సహా నమిలేసే నెత్తళ్లు, ఎండుచేపల్లో ఎముక కూడా కలిసి వస్తుంది, పైగా ఉప్పు.

ఇక్కడ ఉద్దానం గుర్తుకు వస్తుంది. కారణం ఇప్పటికీ స్పష్టంగా తేలని కిడ్నీ జబ్బు శ్రీకాకుళం జిల్లాలోని ఆ పల్లెలను ఏళ్లుగా పీడిస్తోంది. అక్కడి నేల ఇచ్చే జీడిపప్పు, సముద్రం ఇచ్చే ఎండుచేపలు ఫాస్ఫరస్ ఎక్కువగా ఉన్నవి; కొబ్బరినీళ్లలో పొటాషియం ఎక్కువ. తాతల నాటి నుంచి చేతికందుతూ వచ్చిన తిండిని ఒక ల్యాబు కాగితం చూపించి మానమనడం తేలిక కాదు. ఆసుపత్రిలో ఇచ్చే పథ్యం చీటీ ఆ ఊరి కంచాన్ని చూసి రాసినదై ఉండాలని గట్టిగా నమ్ముతాను.

పాలు, పెరుగు తెలుగు ఇంట్లో అతి కష్టమైన చోటు. 100 మిల్లీలీటర్ల ఆవుపాలలో 90 నుంచి 100 మిల్లీగ్రాముల ఫాస్ఫరస్ ఉంటుంది, గేదెపాలలో ఇంకొంచెం ఎక్కువ. పొద్దున కాఫీ, సాయంత్రం టీ, రెండుపూటలా గడ్డ పెరుగు, పడుకునే ముందు గ్లాసు పాలు కలిస్తే రోజు కోటాలో సగానికి పైగా అక్కడే అయిపోతుంది. పెరుగన్నం లేకుండా భోజనం ముగించలేని మనిషికి పూర్తిగా మానమని చెప్పడం కంటే, మధ్యాహ్నం ఒక్కపూట చిన్న కప్పు పెరుగు ఉంచి, ఆ పూట బైండర్ తప్పనిసరి చేసి, రాత్రి పెరుగును, పడుకునే ముందు పాలను తీసివేయడం మేలు. మా ఇంట్లో నిలిచిన ఏర్పాటు అదే. నెయ్యి, వెన్నలలో ఫాస్ఫరస్ అతి తక్కువ. పనీరు, కోవా, పాలపొడి, చీజ్‌లలో పాలలోనిది చిక్కబడి ఉంటుంది.

పప్పు మానవలసిన పని లేదు. కందిపప్పుగానీ పెసరపప్పుగానీ రోజుకు ఒక పూట కొలతగా తినవచ్చు. నానబెట్టిన నీళ్లు పారబోసి, వేరే నీళ్లలో ఉడికించడం వల్ల పొటాషియం కూడా కొంత తగ్గుతుంది. మొలకల విషయంలో మాత్రం ఒక మెలిక ఉంది: మొలకెత్తేటప్పుడు గింజ తనలోని ఫైటేట్‌ను తానే విడగొట్టుకుంటుంది కనుక అందులోని ఫాస్ఫరస్ మనకు ఇంకా సులువుగా అందుతుంది. మామూలువారికి అది మేలు, ఈ జబ్బులో కాదు. వేరుశెనగ పచ్చడి, నువ్వుల పొడి, పల్లీ కారం, ఎండుకొబ్బరి పొడి వంటివి చెంచాతో కొలిచి వేసుకోవాలి. 100 గ్రాముల నువ్వులలో 600 మిల్లీగ్రాముల దరిదాపుల్లో, వేరుశెనగలో 350కి పైగా ఫాస్ఫరస్ ఉంటుంది. దోసెలోకి పల్లీ చట్నీకి బదులు ఉల్లి, అల్లం వేసిన చట్నీ చేయవచ్చు. చక్కెర వ్యాధి కోసం రాగి సంకటికి, జొన్న రొట్టెకు, దంపుడు బియ్యానికి మారినవారు డైటీషియన్‌ను అడిగి కొలత పెట్టుకోవాలి. తెల్లబియ్యంలో ఫాస్ఫరస్ వాటికంటే చాలా తక్కువ. బీర, సొర, పొట్ల, దొండ వంటి కూరగాయలతో ఫాస్ఫరస్ బెంగ లేదు.

ప్యాకెట్ వెనుక చిన్న అక్షరాలు

మన దేశంలోని పోషకాల పట్టికలో ఫాస్ఫరస్ ఎంత ఉందో సాధారణంగా రాయరు. పదార్థాల జాబితాలో మాత్రం కలిపిన రసాయనాలను సూచించే ఐఎన్ఎస్ అంకెలు ఉంటాయి. 338, 339, 340, 341, 343, 450, 451, 452 అనే అంకెలలో ఏది కనిపించినా అందులో ఫాస్ఫేట్ కలిపారని అర్థం. ఈ అంకెలను ఒక చిన్న కాగితం మీద రాసి సరుకులకు వెళ్లేవారి పర్సులో పెట్టాలి. నల్లటి కోలా పానీయాలకు పులుపు ఇచ్చే 338 అంటే ఫాస్ఫారిక్ ఆమ్లం. బేకింగ్ పౌడర్ వాడిన కేకులు, బిస్కట్లు, ఇన్‌స్టంట్ ఇడ్లీ, గులాబ్‌జామూన్ మిక్సులు, సాసేజ్‌లు, నగ్గెట్‌లు, చీజ్ స్లైసులు, ఇన్‌స్టంట్ నూడుల్స్‌లో మిగిలిన అంకెలు తరచుగా కనిపిస్తాయి. మంచులో గడ్డకట్టించి అమ్మే రొయ్యలను నీరు పోకుండా ఉంచడానికి ట్రైపాలీఫాస్ఫేట్ ద్రావణంలో ముంచడం ఆ పరిశ్రమలో ఉన్న పద్ధతి. గోదావరి, కృష్ణా జిల్లాలవారికి చెరువు రొయ్య తాజాగా దొరుకుతుంది కనుక ప్యాకెట్ రొయ్యతో పని లేదు. నీరసంగా ఉన్నారని బంధువులు తెచ్చి ఇచ్చే పాలలో కలుపుకునే పొడి డబ్బాలు, ప్రోటీన్ పొడులు కూడా డైటీషియన్‌కు చూపించిన తరువాతనే తెరవాలి. డయాలిసిస్ వారి కోసం ఫాస్ఫరస్ తక్కువగా చేసిన పొడులు వేరుగా ఉన్నాయి.

ఫాస్ఫేట్ మందుల రూపంలో కూడా వస్తుంది. మలబద్ధకానికి ఇచ్చే కొన్ని ఎనీమాలలో, పేగుల పరీక్షకు ముందు కడుపు శుభ్రం చేసే కొన్ని ద్రావణాలలో సోడియం ఫాస్ఫేట్ ఉంటుంది. కిడ్నీ బలహీనంగా ఉన్నవారికి అది అపాయం. కడుపు శుభ్రానికి పాలీ ఇథిలీన్ గ్లైకాల్ మందులు ఉన్నాయి. తాగే సోడియం ఫాస్ఫేట్ మందుల వల్ల మూత్రపిండాలు దెబ్బతింటున్నాయని అమెరికా ఔషధ సంస్థ 2008లోనే తీవ్రమైన హెచ్చరిక జారీ చేసింది.

యంత్రం మీద గడిపే గంటలు

డయాలిసిస్‌లో యూరియా త్వరగా దిగుతుంది. ఫాస్ఫేట్ అంత త్వరగా దిగదు, ఎందుకంటే దానిలో ఎక్కువ భాగం ఎముకలలో, కణాల లోపల ఉండి మెల్లగా రక్తంలోకి వస్తుంది. యంత్రం వేగం పెంచితే దీనికి పెద్దగా లాభం లేదు, సమయం పెంచితేనే లాభం. రాత్రంతా ఎనిమిదేసి గంటలు డయాలిసిస్ చేసే పద్ధతిలో బైండర్ల అవసరం బాగా తగ్గుతుందన్నది ఇందుకు రుజువు. కాబట్టి బస్సు తప్పిపోతుందని అరగంట ముందే తీసేయమని అడగడం, పండగకు ఒక సెషన్ మానడం వల్ల కలిగే నష్టం ముందుగా ఫాస్ఫేట్ అంకెలో కనిపిస్తుంది. రెండు తెలుగు రాష్ట్రాలలోనూ ప్రభుత్వ ఆరోగ్య పథకాల కింద డయాలిసిస్ ఉచితంగా లభిస్తుంది. వారానికి రెండు సెషన్లే చేయించుకుంటున్నవారు మూడోదానికి వీలుందేమో కేంద్రంలో అడగాలి. దూరం వల్ల సెషన్లు మానుతున్నవారు దగ్గరి కేంద్రానికి మార్చమని అడగడానికి మొహమాటపడకూడదు.

అన్నీ చేసినా దిగకపోతే

మాత్ర కంచం దగ్గరే వేసుకుంటూ, ప్యాకెట్లు మాని, సెషన్లు తప్పకుండా చేయించుకున్నా మూడు నెలలలో అంకె కదలకపోతే తిండి మీద ఇంకా కత్తెర వేయకూడదు. పారాథైరాయిడ్ హార్మోను, అంటే పీటీహెచ్ ఎంత ఉందో చూడమని అడగాలి. అది బాగా పెరిగి ఉంటే ఫాస్ఫేట్ ఎముకల నుంచి కూడా వస్తూ ఉండవచ్చు. దానికి ఆ హార్మోనును తగ్గించే సినాకాల్సెట్ వంటి మందులో, ఒక్కొక్కప్పుడు గ్రంథుల ఆపరేషనో మార్గం. కాల్సిట్రయాల్, ఆల్ఫాకాల్సిడాల్ అనే విటమిన్ డి రకం మందులు వాడుతుంటే ఆ సంగతి గుర్తు చేయాలి, అవి పేగులలో ఫాస్ఫేట్ పీల్చుకోవడాన్ని పెంచుతాయి. మోకాళ్ల నొప్పులకని ఎవరో వేసిన విటమిన్ డి ఇంజెక్షన్, వారం వారం వేసుకునే 60,000 యూనిట్ల మాత్ర కూడా దాచకుండా చెప్పాలి. డాక్టరు దగ్గరికి వెళ్లేముందు మూడు రోజులు తిన్నది, ఏ పూట ఏ మాత్ర ఏ సమయానికి వేసుకున్నది ఒక నోటుపుస్తకంలో ఉన్నదున్నట్లు రాసి తీసుకువెళ్తే, పది నిమిషాల సంప్రదింపులో అసలు తప్పు ఎక్కడుందో దొరుకుతుంది.

డయాలిసిస్ మీద ఉన్నవారికి కాల్షియం, ఫాస్ఫరస్ పరీక్షలు ఒకటి నుంచి మూడు నెలలకు ఒకసారి, పీటీహెచ్ మూడు నుంచి ఆరు నెలలకు ఒకసారి చేస్తారు. అంకె 5 లోపుకు వచ్చిందని బైండర్ మానేస్తే వచ్చే నెలకు మళ్లీ మొదటికే వస్తుంది. అలాగని మరీ తగ్గి 2.5 కిందికి పోయినా, మనిషి తిండి సరిగా తినడం లేదేమోనని చూసి డాక్టరుకు చెప్పాలి.

పెదవుల చుట్టూ తిమ్మిరి, చేతివేళ్లు కొంకర్లు పోవడం, కండరాలు పట్టేయడం, మూర్ఛ, గుండె లయ తప్పడం వంటివి కనిపిస్తే అవి కాల్షియం పడిపోయిన గుర్తులు కావచ్చు. తెల్లవారే దాకా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాలి. చర్మం మీద ఊదారంగు మచ్చలు లేచి విపరీతంగా నొప్పి పెడుతూ పుండ్లవుతుంటే, పూతమందులు రాసి చూడకుండా అదే రోజు కిడ్నీ డాక్టరుకు చూపించాలి.